లొట్టి అడుగున మిగిలేది

భువనగిరి గుట్ట మీద పొద్దు పొడవకముందే చుట్టుపక్కల తాటివనాల్లో పని మొదలవుతుంది. గౌడన్న మోకు ముస్తాదు సర్దుకుని చెట్టెక్కుతాడు. గెలకు కట్టిన లొట్టి విప్పి అందులోని కల్లును వెంట తెచ్చుకున్న కుండలోకి వంచుతాడు. గెల కొసను కత్తితో తమలపాకు మందాన చెక్కి, ఖాళీ లొట్టిని మళ్లీ అక్కడే కడతాడు. దాన్ని కడగడు. అడుగున రెండు గుటకలంత తెల్లటి మడ్డి అలాగే ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లకు అది శుభ్రత లేకపోవడంగా తోచవచ్చు. కానీ ఆ పూట కారబోయే నీటిని కల్లు చేసేది ఆ మడ్డే.

పాలకు తోడు ఎలాగో తాటి నీటికి మడ్డి అలాగ. చెట్టు నుంచి అప్పుడే కారిన నీటిలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది, మత్తు ఉండదు. లొట్టి గోడలకు అంటుకున్న, మడ్డిలో ఉన్న ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. నురుగు ఆ వాయువుదే. మట్టి లొట్టికి కంటికి కనపడని సందులు ఎన్నో ఉంటాయి కాబట్టి, కల్లు ఒంపేసినా ఈస్ట్ ఎక్కడికీ పోదు. పులియని తియ్యటి నీరా కావాలనుకున్నవాళ్లు ఇదంతా తిరగేసి చేస్తారు. లొట్టిని శుభ్రంగా కడిగి లోపల సున్నం పూస్తారు. సున్నం ఉన్నచోట ఈస్ట్ పని సాగదు, నీరు తియ్యగానే మిగులుతుంది. ఒకే చెట్టు, ఒకే గెల. తేడా అంతా లొట్టి అడుగున ఏముందన్న దాంట్లోనే ఉంది.

ఆ మడ్డిలో ఉన్నదేమిటో తెలియడానికి చాలా కాలం పట్టింది. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో ఇదే భువనగిరి మీద దాడి చేశాడు. అప్పటికి ఈస్ట్ ఒక జీవి అని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 1680లో లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో బీరు చుక్కను పెట్టి చిన్న చిన్న గోళాలను చూశాడు గానీ వాటికి ప్రాణం ఉందని అనుకోలేదు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ ఉండకూడదని 1516లో చేసిన బవేరియా చట్టంలో ఈస్ట్ పేరే లేదు. పులియడం బతికున్న కణాల పనేనని పాశ్చర్ తేల్చింది 1857 తర్వాతే. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒక్క కణం నుంచి మొదలుపెట్టి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. అంతకుముందు వందల ఏళ్లపాటు బీరు కాచినవాళ్లూ కల్లు గీసినవాళ్లూ పేరు తెలియని ఆ జీవాన్ని చేతి వాడుకతోనే కాపాడుకుంటూ వచ్చారు. దీన్ని నేను తక్కువ విద్యగా చూడలేను.

ఇంట్లో బీరు చేసుకోవడానికి అమెరికాలో 1978 నాటి చట్టం దారి తీసింది. మన దగ్గర లైసెన్సు లేకుండా కుదరదు. అక్కడ ఇంటి బీరు చేసేవాళ్లు ఈస్ట్‌ను మళ్లీ వాడే తీరు చూస్తే లొట్టే గుర్తొస్తుంది. బీరు పులిసి తేరాక పాత్ర అడుగున చిక్కటి ముద్ద మిగులుతుంది. దాన్ని మరిగించి చల్లార్చిన నీళ్లతో సీసాలో కలిపి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. హాప్స్ తునకలూ బరువైన చెత్తా ముందు దిగిపోతాయి. పైన పాలలా తేలే మబ్బు నీటిలోనే ఈస్ట్ ఉంటుంది. దాన్ని మరో సీసాలోకి వంచి ఫ్రిజ్‌లో పెడితే, మర్నాటికి అడుగున మీగడ రంగు పొర కడుతుంది. అసలు కడగకుండా, దాని బీరు కిందే ఉంచితే ఇంకా మేలని చెప్పేవాళ్లున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. బీరులోని పులుపూ ఆల్కహాలూ చెడ్డ సూక్ష్మజీవులను దగ్గరికి రానివ్వవు, ఉత్త నీళ్లకు ఆ బలం లేదు.

రెండు వారాల్లోపు వాడితే మంచిది. ఆలస్యమైతే కాస్త మాల్ట్ నీళ్లు కాచి చల్లార్చి అందులో కొంచెం ఈస్ట్ వేసి చూడాలి. ఒక రోజులో నురుగు వచ్చిందంటే ఈస్ట్ బతికే ఉందన్నమాట. రొట్టె వాసన వస్తే ఉంచుకోవాలి. గోధుమరంగుకు తిరిగినా, కుళ్లు వాసన కొట్టినా పారబోయాలి. ఘాటు బీరులో పనిచేసి అలసిన ఈస్ట్‌ను దాచి లాభం లేదు. ఇంటి పనిలో నాలుగైదు సార్లు దాటాక కొత్తది తెచ్చుకోవడమే క్షేమం.

ఈ పారబోసే వివేకం కల్లులో ఇంకా ముఖ్యం. లొట్టిలో ఈస్ట్ ఒక్కటే ఉండదు, పులుపు పెంచే బాక్టీరియా కూడా ఉంటుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి సిర్కా దారి పడుతుంది. మడ్డి మరీ పాతదైతే పులుపుదే పైచేయి. అప్పుడు లొట్టిని కడిగి ఎండలో బోర్లించాలి. ఎప్పుడు ఉంచాలో, ఎప్పుడు పారబోయాలో ముక్కూ నాలుకా చెప్పాలి. నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్‌ను చెక్క కడియాలకు పట్టించి, ఆరబెట్టి, తరాల పాటు కాపాడుకున్నారు. నలభై డిగ్రీల దగ్గరి వేడిలోనూ అది పనిచేస్తుందని తెలిసి ఇవాళ బీరు చేసేవాళ్లు దానికోసం ఎగబడుతున్నారు. భువనగిరి మే నెల ఎండలో తాటిచెట్టు కొసన రోజూ పనిచేసే ఈస్ట్‌కు ఆ వేడి కొత్తది కాదు. దాన్ని సేకరించి దాచే పని మన ప్రయోగశాలలు శ్రద్ధగా చేయాలని నా కోరిక.

ఎందుకంటే ఈ మడ్డిని పట్టించుకోకపోతే మిగిలేది మందు కల్లే, దానికి మడ్డితో పని లేదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లకు చెట్టూ వద్దు, గీతా వద్దు. అది తాగి మనుషులు పోతున్నారు. దాని చెడ్డపేరు మాత్రం చెట్టెక్కే మనిషికి అంటుకుంటోంది.

కల్లు మండువలో కూర్చుని తాటాకు రేకలో కల్లు పోయించుకున్నప్పుడు చివరి గుటక కాస్త చిక్కగా, నాలుకకు పిండిలా తగులుతుంది. చాలామంది దాన్ని నేలకు ఒంపేస్తారు. నేను తాగుతాను.