ఒకే మాడ్యూలు, ఎదురుపడని టీచర్లు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలు కొత్తేమీ కాదు. అలాంటి పిల్ల నోట్‌బుక్‌లో ‘గాడీ ఆయా’ అని రాస్తే టీచరు ఎర్రసిరాతో ‘ఆయీ’ అని దిద్దుతారు. నాలుగు లైన్ల తర్వాత మళ్లీ అదే తప్పు. రైలుకు ఆడేమిటో మగేమిటో ఆ పిల్లకు అంతుపట్టదు. ఎందుకు పట్టడం లేదో టీచరుకు తెలియదు. ఆ టీచరు ఎవరిని అడగాలి?

ఈ ఊరు ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పుడు, 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం ఇలాంటి ప్రశ్నలకు చోటిచ్చింది. టీచర్లు నెలనెలా కలిసేవారు. ఏ ప్రయోగం ఎందుకు బెడిసికొట్టిందో మొహమాటం లేకుండా చెప్పుకునేవారు. ఆ మాటలు ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాల దాకా వెళ్లి పాఠాల్నే మార్చేవి. నా దృష్టిలో అసలు గొప్ప అదే: వినేవాడికి మార్చే అధికారం కూడా ఉండటం.

ఇప్పటి టీచర్ల శిక్షణ దారి వేరు. 2019లో మొదలైన కేంద్రప్రభుత్వ ‘నిష్ఠ’ శిక్షణ మరుసటి ఏడాది కరోనాతో ‘దీక్ష’ అనే ఆన్‌లైన్ వేదిక ఎక్కింది. ఆన్‌లైన్‌లో తొలి విడత 2020 జూలైలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లకే. మొత్తం 18 మాడ్యూళ్లు. బస్సు ఎక్కకుండా, సెలవు పెట్టకుండా మారుమూల టీచరుకూ అందాయి. ఇది చిన్న సంగతి కాదు. కానీ వీడియో చూసి, క్విజ్ రాసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునే చోట సందేహం కంటే పూర్తిచేసిన శాతానికే విలువ ఎక్కువ. సీతంపేట కొండల్లో సవర పిల్లలకు తెలుగులో చెప్పే టీచరూ, బిలాస్‌పూర్‌లో తెలుగు పిల్లకు హిందీలో చెప్పే టీచరూ అదే మాడ్యూలు ముగిస్తారు. ఇద్దరి బాధా ఒక్కటేనని ఇద్దరికీ తెలియదు.

అలాగని హోషంగాబాద్‌ను ఆకాశానికెత్తలేం. 2002లో రాష్ట్ర ప్రభుత్వం కాదనగానే మూడు దశాబ్దాల పని బడుల్లో ఆగిపోయింది. పైగా నెలవారీ సమావేశానికి చుట్టుపక్కల టీచర్లే వచ్చేవారు. సీతంపేట గొంతు అక్కడా వినపడేది కాదు. ఆ దూరాన్ని తుడిచేసే సాధనం ఇప్పుడు చేతిలో ఉంది. మాధ్యమం, తరగతి, సబ్జెక్టు ఎంచుకుంటే దీక్షలో పాఠం దొరుకుతుంది. ‘ఇంటి భాష వేరు’ అని తడుముకుంటున్న ఇంకో టీచరు దొరికే వీలు మాత్రం ఆ మూడు గడుల్లో లేదు.