సైనికుని నొప్పికి భాష: సామూహిక వ్యాయామము, వైయక్తిక చికిత్స – ఒక విమర్శ

సైనికులకు వచ్చు నడుమునొప్పి, మోకాటినొప్పి, మడమల బెణుకు మొదలగు బాధలకు వారినందరిని ఒక్కచోట నిలిపి వ్యాయామము చేయించుట మేలా, ఒక్కొక్కరిని వేరుగా పరీక్షించి ఫిజియోథెరపీ చేయుట మేలా యను చర్చ వైద్యలోకమున చాలకాలముగా సాగుచున్నది. ఇటీవలి పరిశోధనలు దీనికి చెప్పు సమాధానము సులభమైనది: రెండును దాదాపు సమానమే, గుంపునకు ఖర్చు తక్కువ. ఈ సమాధానము అసత్యము కాదు. అయినను హోసూరు, కృష్ణగిరి ప్రాంతములనుండి దండులో చేరిన తెలుగువానిని ఎదుట నిలుపుకొని చూచినచో ఇది సగము సమాధానముగానే కనబడును. ఎందరు కలిసి వ్యాయామము చేసిరను లెక్క దీనిలో కలదు. ఏ మాటలతో చేయించిరి, ఏ మాటలతో బాధ చెప్పుకొనిరి యను విచారణ ఈ లెక్కకు వెలుపలనే నిలిచిపోయినది.

మొదట ఆధారములను చూడవలెను. 2007లో ఇంగ్లండున హర్లీ మొదలగువారు ప్రకటించిన పరిశోధనలో 50 ఏండ్లు దాటి, మోకాటినొప్పితో చాలకాలముగా బాధపడుచున్న 418 మందిని తీసికొనిరి. కొందరికి సాధారణ వైద్యము మాత్రమే. కొందరికి విడివిడిగా వ్యాయామశిక్షణ. కొందరికి ఎనిమిదిమంది చొప్పున గుంపులుగా శిక్షణ. వారమునకు రెండుసార్లు, ఆరు వారములు జరిగెను. ఆరు నెలల పిమ్మట చూడగా విడిగా చేసినవారును, గుంపుగా చేసినవారును ఒకే తీరున మెరుగుపడిరి. 2017లో ఓకీఫ్ మొదలగువారు ఇట్టి అనేక పరీక్షలను ఒకచోట చేర్చి పరిశీలించి, రెండు పద్ధతుల నడుమ నున్న తేడా వైద్యదృష్ట్యా లెక్కింపదగినంతది కాదని తేల్చిరి. అయితే వారే ఒక షరతును చేర్చిరి: పరీక్షలలో దాదాపు అన్నింటను వ్యాయామముతోపాటు ఇతర చికిత్సలును కలిసియున్నందున గుంపు ఫలమెంత, వ్యక్తిగత శ్రద్ధ ఫలమెంత యని విడదీయుట కష్టము. "సమానము" అను మాటను ఎత్తి చూపువారు ఈ షరతును సాధారణముగా దారిలోనే వదలివేయుదురు.

వదలివేయబడు విషయము మరొకటి కలదు. ఇట్టి పరీక్షలలో చేర్చుకొనుటకు ముందే ప్రతివానిని విచారించి, ఎముక విరిగినవారిని, నరము నలిగినవారిని, చీము పట్టినవారిని తొలగించుట పరిపాటి. అనగా గుంపులో నిలిచినవాడు అంతకుముందే ఒకసారి ఒంటరిగా పరీక్షింపబడినవాడే. పోల్చబడినది పరీక్ష ముగిసిన పిదప చేయు వ్యాయామమే గాని, పరీక్షకు బదులుగా చేయు వ్యాయామము కాదు. ఈ భేదమును గుర్తింపక గుంపు చాలునని వాదించుట వడ్డన చూచి వంట అక్కరలేదనుట వంటిది.

సైనికుని విషయమున ఈ భేదము ప్రమాదముగా మారును. రోజూ పరుగు, బరువు మోసికొని నడక, కొత్తగా చేరిన కుర్రవానికి వారములలో పెరుగు శ్రమ, వీనివలన కాలి ముందరి యెముకలో సన్నని పగులు ఏర్పడుట కలదు. ఆ పగులునకు కావలసినది విశ్రాంతి. వేలితో నొక్కి, ఒక్కచోటనే నొప్పియున్నదని కనిపెట్టువాడు లేనిచో వాడు గుంపుతో పాటు పరుగెత్తుచునే యుండును, పగులు పెరుగుచునే యుండును. పైగా సైనికుడు నొప్పి దాచుటలో నేర్పరి. మన సైన్యమున ఆరోగ్యమును "షేప్" అను వర్గీకరణముతో కొలుతురు. అందు "ఏ" అను అక్షరము కాలుసేతుల సంగతి చెప్పును. వర్గము తగ్గినచో పదోన్నతిపైనను, పంపబడు చోటుపైనను దాని నీడ పడును. ప్రక్కనున్న వానికంటె ముందుగా కూర్చుండుట అవమానమని తలచువాడు గుంపులో ఏమి చెప్పును? మోకాటినొప్పితో ఇంగ్లండున చికిత్సకు వచ్చిన వృద్ధురాలికి తోడివారు ధైర్యము. ఇరువది యేండ్ల సిపాయికి తోడివారు ధైర్యమును, భయమును కూడ.

ఇక ఈ రెండు పద్ధతులు పుట్టుకతో శత్రువులు కావని చరిత్ర చెప్పును. 1813లో స్టాక్‌హోమున పెర్ హెన్రిక్ లింగు స్థాపించిన వ్యాయామ విద్యాలయమున సైనికుల కసరత్తును, రోగుల అంగచికిత్సను ఒకే శాస్త్రమునకు శాఖలుగా ఎంచిరి. మన గరిడీలలోనూ అంతే. సాము అందరును కలిసి చేసినను, ఎవని భుజము వంగెను, ఎవని పట్టు తప్పెను అని ఉస్తాదు కన్ను విడివిడిగానే చూచును.

ఈ సీమకు సిపాయి కొత్తవాడు కాడు. 1791లో హోసూరు కోట ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. ఆ యేడే కృష్ణగిరి దుర్గముపై నడపిన దాడి విఫలమయ్యెను. ఆ నిటారు కొండను చూచినవారికి దానిని ఎక్కబోయిన వారి మోకాళ్ళ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగుసీమనుండి పోయినవారి మూలముననే కంపెనీ సిపాయిలకు ఉత్తరదేశమున "తిలంగా" అను పేరు నిలిచెను. ఆ కాలమునుండి నేటివరకు ఒక విశేషము గమనింపదగినది. తెలుగున గుంపు వ్యాయామమునకు గల మాటలు చాలవరకు వెలుపలినుండి వచ్చినవి: కవాతు, కసరత్తు, తాలీము. నొప్పి మాటలు మాత్రము ఇంటివి: పోటు, సలుపు, తీపు, పీకు, బెణుకు, తిమ్మిరి. ఆజ్ఞను పరభాషలో నేర్చుకొనవచ్చును. బాధను నేర్చుకొనుట లేదు, అది ముందే వచ్చియున్నది.

ఈ నొప్పి మాటలు అలంకారములు కావు, వైద్యమునకు ఆధారములు. "పట్టివేసినది" అన్నవాని కండరము బిగిసియుండవచ్చును. "జివ్వుమని కాలిలోకి పాకుచున్నది" అన్నచో నరము ఒత్తుకొనుచున్నదేమో చూడవలెను. "రాత్రియంతయు సలుపుచున్నది" అన్నచో వాపును గూర్చియో, అంతకంటె గట్టి కారణమును గూర్చియో విచారింపవలెను. కూర్చుండుచోట తిమ్మిరి యెక్కి మూత్రము పట్టు తప్పినదన్నచో అది ఆ క్షణముననే ఆసుపత్రికి పంపవలసిన సంగతి. "సున్న మొదలు పది వరకు నీ నొప్పి యెంత?" అను ప్రశ్నకు ఈ నలుగురును "ఏడు" అని చెప్పవచ్చును. నాలుగు వ్యాధులు ఒక్క అంకెలో మునిగిపోవును.

హోసూరు సీమ తెలుగువాని చిక్కు ఇచటనే యున్నది. 1953లో ఆంధ్రము, 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినను ఈ భాగము తమిళసీమలోనే నిలిచెను. 2004లో కృష్ణగిరి జిల్లా అయ్యెను. 2006 నాటి చట్టము బడులలో తమిళమును దశలవారీగా తప్పనిసరి చేసెను. ఇచటి యువకుడు బెంగళూరులోని మద్రాసు సాపర్ల కేంద్రమునకో, నీలగిరులలోని వెల్లింగ్టనునకో పోయినచో దండులో ఉమ్మడిభాష హిందీ. బడిలో తమిళము, దండులో హిందీ, మందుచీటీలో ఇంగ్లీషు; నొప్పి మాత్రము తెలుగు. కవాతు మైదానమున ఈ లోటు తెలియదు, ఆజ్ఞ తెలిసిన చాలును. చికిత్సగదిలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడే తెలియును. వైయక్తిక చికిత్సకు గల గొప్పయంతయు మాటలమీద నిలిచియున్నది. మాట అందనిచో అదియు ఒక్కనితో చేయించు కవాతే యగును. ఈ సంగతిని వైయక్తిక చికిత్సను పొగడువారు తలచినట్లు కనబడదు.

మాటకు ఇంత విలువ యిచ్చుట అతిశయోక్తి యనువారు 2011లో అమెరికాలో జార్జి మొదలగువారు ప్రకటించిన పరిశోధనను చూడదగును. అందు 4,325 మంది సైనికులను దళములవారీగా విభజించి, కొందరిచే పాతరీతి వ్యాయామమును, కొందరిచే నడుము లోతుకండరములకు బలమిచ్చు వ్యాయామమును చేయించిరి. ఏ వ్యాయామమైనను నడుమునొప్పి విషయమున తేడా కనబడలేదు. వారిలో కొన్ని దళములకు మాత్రము నడుమునొప్పిని గూర్చి ఒక చిన్న పాఠము చెప్పిరి: వెన్ను బలమైనది, నొప్పి యన్నంత మాత్రమున హాని జరిగినట్లు కాదు, కదలుట మానరాదు. ఆ పాఠము వినిన దళములలో రెండేండ్లలో నడుమునొప్పికై వైద్యుని చూడబోయినవారు నూటికి సుమారు ముగ్గురు చొప్పున తగ్గిరి. ఫలము చిన్నదే. వైద్యుని చూడబోవుట తగ్గుటయు నొప్పి తగ్గుటయు ఒకటి కావని, సిపాయి నొప్పి దాచువాడని ముందే చెప్పబడినదిగదా యని ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయినను వ్యాయామము మార్చి సాధింపలేనిది మాట చెప్పి కొంత సాధించుట గమనింపదగినది. ఆ పాఠమును విన్నది గుంపు. అర్థము చేసికొన్నది ఒక్కొక్కడు, తనకు తెలిసిన భాషలో.

కనుక ఈ సీమకు సరిపోవు క్రమము ఊహించుట కష్టము కాదు. తొలి పరీక్ష ఒంటరిగా, తెలుగు తెలిసినవాని యెదుట జరుగవలెను. పిదప వ్యాయామము గుంపుగా సాగవచ్చును. తళి, డెంకణికోట, బేరికె, వేపనపల్లి వంటి చోట్ల నివసించు మాజీ సైనికుడు వారమునకు రెండుసార్లు పట్టణమునకు పోయి వైయక్తిక చికిత్స పొందునని ఆశించుట కాగితముపై మాత్రమే సాగును. ఎనిమిదిమంది ఊరి పాఠశాల ఆవరణలో చేరుట సాగును. నడుమ నొప్పి హెచ్చినవాడు గుంపు ఎదుట చెప్పనక్కరలేకుండ, వ్యాయామము ముగిసిన పిదప ఒక్కడే వచ్చి చెప్పుకొనుటకు పది నిమిషములు విడిచియుంచవలెను.

ఆ పాఠమును తెలిగించువారు మాత్రము ఇంగ్లీషు వాక్యములను వరుసగా మార్చి ఊరకొనరాదు, ఏలనన తెలుగు రోగిని భయపెట్టు మాటలు వేరు. "ఎముక అరిగిపోయినది" అని ఒకసారి వినినవాడు, అరిగిన చెప్పును దాచినట్లు తన మోకాటిని దాచుకొనును. మిగిలినదైనను మిగులునని నడక తగ్గించును. నడక తగ్గుటచే కండరము సన్నగిలి నొప్పి పెరుగును. "డిస్కు జారినది" అని వినినవాడు వంగిన ప్రతిసారి అది మరింత జారునని తలచును. నిజమునకు అది జారు వస్తువు కాదు. ఇరుప్రక్కల యెముకలకు గట్టిగా అంటియుండు మెత్త, దాని అంచు ఉబ్బినది లేదా చిట్లినది. ఉబ్బిన భాగము పెక్కుమందిలో కాలక్రమమున తానుగా తగ్గును. ఈ ముక్క విని, ఇరువది యేండ్లు బరువు మోసిన సిపాయి తన నడుమును మరల నమ్మి వంగునా లేదా యన్నది గుంపు వైద్యమునకును, ఒంటరి వైద్యమునకును ఒకే పరీక్ష.