అషర్ వారి ఇల్లు

శీర్షిక దగ్గరే నాలుగు రోజులు ఆగిపోయాను. ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ను తెలుగు చేద్దామని కూర్చున్నాను. ‘భవనం’ అంటే గోడలే మిగులుతాయి. ‘వంశం’ అంటే గోడలు పోతాయి. ఆ చుట్టుపక్కల రైతులు కుటుంబానికీ భవనానికీ కలిపి ఒక్క పేరే వాడతారని పో మొదట్లోనే చెబుతాడు. రెండింటినీ విడదీస్తే కథే ఉండదు.

చివరికి ఆ మాట మన నట్టింట్లోనే దొరికింది. పెళ్లయితే ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటాం. తరతరాలుగా వచ్చేదాన్ని ‘ఇంటిపేరు’ అంటాం. ‘అషర్ వారి ఇల్లు కూలింది’ అని రాసుకున్నాక కలం కదిలింది.

అప్పుడే ఎస్కిలస్ ‘ఆగమెమ్నాన్’ మళ్లీ తీశాను. గ్రీకుల ‘ఓయికోస్’ అనే మాటలోనూ ఇల్లూ, ఇంట్లోవాళ్లూ కలిసే ఉంటారు. క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ఆడిన ఆ నాటకం ఇంటి కప్పు మీది కావలివాడి మాటలతో మొదలవుతుంది. ట్రాయ్ నుంచి బందీగా వచ్చిన కసాండ్రా గడప ముందే వెనకాడుతుంది. ఆమెకు నెత్తురు వాసన తగులుతుంది. ఆగమెమ్నాన్ తండ్రి ఏట్రియస్ తన తమ్ముడికి అతడి బిడ్డల మాంసమే వండి పెట్టిన ఇల్లది. చనిపోయిన ఆ బిడ్డలు ఆమె కళ్లకు కనిపిస్తారు. తర్వాత జరిగే ఆగమెమ్నాన్ హత్యను మనం చూడం. లోపలి నుంచి కేకలు వింటాం, అంతే.

పో కూడా మూసిన తలుపునే నమ్ముకున్నాడు. బతికుండగానే సమాధి గదికి చేరిన అషర్ వారి ఆడపడుచు మాడెలిన్ బయటపడుతున్న చప్పుళ్లు ముందు వినిపిస్తాయి. ఆ తర్వాతే తలుపు తెరుచుకుంటుంది. ఆ పేజీని తెలుగు చేస్తూ ప్రతి వాక్యాన్నీ పైకి చదువుకున్నాను. అక్కడ భయం చెవిన పడాలి.

గోథిక్ నవలకు తొలి రూపమైన హోరేస్ వాల్‌పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ (1764)లో తాత చేసిన హత్యకు మనవడి కోట గోడలు కూలతాయి. ఎస్కిలస్‌లోనూ పెద్దల పాపం పిల్లల మీదే పడుతుంది, అయినా ఇల్లు నిలుస్తుంది. ‘ఆగమెమ్నాన్’తో మొదలయ్యే నాటకత్రయంలోని మూడో నాటకంలో, తల్లిని చంపినందుకు ఆగమెమ్నాన్ కొడుకు ఒరెస్టిస్‌ను విచారించడానికి ఏథెన్స్ పౌరులు కూర్చుంటారు. ఓట్లు సమానమై అతడు విడుదలవుతాడు. తరుముకొచ్చిన పగదేవతలకు సైతం ఆ ఊళ్లో ఒక నివాసం దొరుకుతుంది.

అషర్ వారి తగువు తీర్చడానికి ఏ ఊరూ కూర్చోలేదు. చిన్ననాటి స్నేహితుడొక్కడే వచ్చాడు, అతడూ చివరికి ప్రాణభయంతో పరుగెత్తాడు. వచ్చిన రోజే అతడు గమనించిన సన్నని బీట విచ్చుకుంది. మాడెలిన్‌తో, ఆమె కవల సోదరుడితో వంశం ఆగింది, గోడలు మడుగులో మునిగాయి. పో తన కథను ఆ ఇంటిపేరుతోనే ముగించాడు. నా అనువాదాన్నీ అక్కడే ఆపాను.