గాజుతొట్టిలో మాగాణి కలుపు

నూజివీడు నుంచి ముసునూరు వైపు వస్తుంటే రోడ్డుకి అటూ ఇటూ మామిడి తోటలే. ఎర్రనేల, బోరు నీళ్లు, చిన్నరసాలు, బంగినపల్లి. నీటి మొక్కల గురించి మాట్లాడటానికి ఇది చోటు కాదనిపిస్తుంది. కానీ ఇదే మండలంలోని బలివె పక్కనుంచి తమ్మిలేరు వెళుతుంది. ఖమ్మం జిల్లా మెట్టల్లో పుట్టి, ఏలూరు మీదుగా పోయి కొల్లేట్లో కలిసే ఏరు అది. దాని వెంట ఒక పూట దిగువకి వెళితే చాలు, మామిడి పోయి వరి, వరి పోయి చేపల చెరువులు వస్తాయి. ఆ దారిలో కాలువ గట్ల కింద, వరిమడుల్లో తేమ ఉన్న ప్రతిచోటా లిమ్నోఫిలా, రోటాలా, అమ్మానియా, లుడ్విజియా జాతుల మొక్కలు పెరుగుతాయి. మన రైతు వాటన్నిటికీ పెట్టుకున్న పేరు ఒక్కటే, కలుపు. పీకి గట్టు మీద పారేస్తాడు. ఆ జాతుల మొక్కలనే అక్వేరియం దుకాణాల్లో కట్ట ఇంతని అమ్ముతారు.

అక్వేరియం అంటే చేపల తొట్టి అనే మనవాళ్ల లెక్క. ఇంటికొచ్చినవాళ్లు మొదట అడిగేది చేపలెన్ని, ఏ రకం అని. మొక్కల తొట్టిలో ఆ లెక్క తిరగబడుతుంది. ముందు మట్టి, తర్వాత మొక్క, ఆ తర్వాత కంటికి కనిపించని సూక్ష్మజీవులు, అన్నిటికంటే చివర చేప. ఈ వరస పట్టుకున్నవాళ్ల తొట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. వరస తప్పితే నెల తిరక్కుండా నీళ్లు పచ్చబడతాయి.

ఈ విద్యకి మూలాల్లో ఒకటి లండన్‌లో జరిగిన చిన్న ప్రయోగం. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక వాలిస్నేరియా మొక్క పెట్టాడు. కొన్నాళ్లకి ముదురు ఆకులు కుళ్లి నీళ్లు పాడవసాగాయి. అప్పుడు చెరువు నత్తల్ని వదిలాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి, నీళ్లు తేటబడ్డాయి. చేప వదిలినది మొక్కకి, మొక్క వదిలినది చేపకి, ఇద్దరి చెత్త నత్తకి అని 1850లో ఆయన తన పరిశీలన ప్రచురించాడు. ఆయన వాడిన వాలిస్నేరియా జాతి మన కాలువల్లోనూ ఉంది. రిబ్బను ఆకులతో, నీటి వాలుకి ఊగుతూ కనిపిస్తుంది. అది పూత పూయడం దగ్గర కూచుని చూడాల్సిందే. ఆడపువ్వు వెంట్రుకంత సన్నని కాడ మీద నీటి పైకి వస్తుంది. మగపువ్వులు అడుగునే తల్లి మొక్క నుంచి తెగిపోయి, ఆవగింజకన్నా చిన్న పడవలై పైకి తేలి, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతూ ఆడపువ్వును చేరతాయి. పని అయ్యాక ఆడపువ్వు కాడ మెలికలు తిరిగి కాయను కిందికి లాక్కుంటుంది.

ఆ తర్వాత డచ్చివాళ్లు రాళ్లూ కర్రలూ దాదాపు లేకుండా, మొక్కల రంగులతో ఎత్తులతోనే బారులు తీర్చే పద్ధతి తెచ్చారు. జపాన్‌లోని నీగాతాకి చెందిన తకాషి అమానో దాన్ని మరో దారి పట్టించాడు. ఒకప్పుడు సైకిలు పందేల ఆటగాడైన ఆయన 1982లో సొంత సంస్థ పెట్టి, కొండ వాలునీ అడవి అంచునీ నీటిలో మలిచాడు. 2015లో చనిపోయే ముందు లిస్బన్‌లో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటితో ఒక తొట్టి తీర్చిదిద్దాడు. అందులోని అందం ఎవరినైనా కట్టిపడేస్తుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, ఖరీదైన లైట్లు, వారం వారం కత్తిరింపులు కోరే పద్ధతి అది. మన పల్లెలకి నప్పేది అమెరికన్ రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ 1999లో తన పుస్తకంలో వివరించిన దారి అని నా నమ్మకం. కింద మామూలు తోటమట్టి, పైన ఇసుక, మొదటిరోజే ఒత్తుగా మొక్కలు, కొద్దిపాటి చేపలు. సిలిండరు అక్కర్లేదు. మట్టిలో కుళ్లే సేంద్రియ పదార్థమే మొక్కకి కావలసిన కార్బన్ డయాక్సైడ్ అందిస్తుంది.

మట్టి దగ్గరే ముసునూరుకి అదృష్టం కలిసొచ్చింది. ఇక్కడి ఎర్రనేలలో ఇనుము ఉంటుంది, బంకపాలు పోషకాల్ని పట్టి ఉంచుతుంది. కానీ తోటలోంచి తట్టెడు మట్టి తెచ్చి నేరుగా పోయడం కుదరదు. మందు కొట్టని, ఎరువు వేయని చోటు చూసుకోవాలి. గట్టు మీదో, ఇంటి పెరట్లోనో పైపొర తీసి, వేళ్లూ రాళ్లూ పోయేలా జల్లించి, తొట్టెలో నానబెట్టి, తేలిన చెత్త వంపేసి, పట్టా మీద ఎండబెట్టాలి. మళ్లీ తడపాలి, మళ్లీ ఎండబెట్టాలి. ఇలా మూడు నాలుగు విడతలు చేస్తే మట్టిలో త్వరగా కుళ్లే సరుకంతా బయటే కుళ్లిపోతుంది, తొట్టిలో అమ్మోనియా బెడద తగ్గుతుంది. మన వేసవి ఎండకి ఇంతకంటే మంచి పని లేదు. ఆ మట్టిని ఒక అంగుళం పరిచి, పైన కడిగిన ముతక ఇసుక మరో అంగుళం పరవాలి. ఇసుక మీద నాలుగు నిమ్మరసం చుక్కలు వేసి చూడండి. బుసబుస పొంగిందంటే అందులో సున్నం ఉంది, వద్దు. రాళ్లకీ ఇదే పరీక్ష. పలుగురాయి, గ్రానైటు ముక్కలు ఏ పేచీ లేకుండా నప్పుతాయి.

కర్ర విషయంలో ఈ ఊరివాళ్లకి మొదట తట్టేది మామిడి కొమ్మే. అది పనికిరాదు. నీళ్లలో తొందరగా కుళ్లుతుంది. ఎండిన జామకొమ్మ, చింతవేరు మేలు. బెరడు పూర్తిగా ఒలిచి, ఉడకబెట్టి, నీళ్లలో మునిగేదాకా రోజుల తరబడి నానేయాలి. మొదట్లో టీ రంగు దిగుతుంది. ఆ రంగు చేపలకి హాని చేయదు, కంటికే కాస్త ఇబ్బంది.

మూడడుగుల పొడవు, అడుగుంపావు చొప్పున వెడల్పూ ఎత్తూ ఉన్న తొట్టి పట్టేది సుమారు 130 లీటర్లు. నీళ్ల బరువే 130 కిలోలు, మట్టీ గాజూ వేరే. కాబట్టి బల్ల గట్టిగా ఉండాలి, ఎండ నేరుగా పడని గోడ చూసుకోవాలి. రాళ్లు అమర్చేటప్పుడు పెద్దరాయి తొట్టి నట్టనడుమ కాకుండా మూడోవంతు దగ్గర నిలపాలి. ఇసుక ముందు పల్చగా, వెనక మందంగా వాలుగా ఉంటే చిన్న తొట్టికీ లోతు వస్తుంది. తర్వాత నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి మొక్కలు నాటాలి. రోటాలా వంటి కాడమొక్కల్ని కట్టగా గుచ్చితే కిందాకులు వెలుతురందక కుళ్లుతాయి. కింది రెండు కణుపుల ఆకులు గిల్లి, ఒక్కో కాడనీ చిమటాతో పట్టి, కాస్త ఏటవాలుగా దించి, చిమటాను మెల్లగా వదులుతూ బయటికి తీయాలి. నిలువుగా గుచ్చితే వెంటనే పైకి తేలిపోతుంది. వరినాట్లు చూసిన చేతులకి ఇది తొందరగా పట్టుబడుతుంది. దక్షిణాది వాగుల్లో పెరిగే క్రిప్టోకోరైన్ నాటితే వారంలో ఆకులన్నీ కరిగిపోవచ్చు. పీకేయకండి. కొత్త నీటికి అలవాటుపడి దుంప నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ఒక జాగ్రత్త. మొక్కలు కావాలని కొల్లేట్లో దిగకూడదు. 1999లో ప్రకటించిన అభయారణ్యం అది, 2002 నుంచి రామ్‌సార్ జాబితాలో ఉంది. మనకి కావలసినవి పంటకాలువ పక్కన, మడిగట్టు మీద పుష్కలంగా దొరుకుతాయి. పొలం ఆసామిని అడిగి, కలుపు మందు పడని చోటు నుంచి తెచ్చుకుని, పటిక కలిపిన నీళ్లలో ఒకపూట ముంచి తీస్తే నత్తల, పురుగుల బెడద చాలావరకు పోతుంది.

ఇక కనిపించని పని. చేప విసర్జించేది అమ్మోనియా. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కకి ఆహారం. ఈ బాక్టీరియా తగినంత పెరగడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒత్తుగా నాటిన తొట్టిలో మొక్కలే అమ్మోనియాని కొంత పీల్చుకుని సాయం చేస్తాయి గానీ, ఆ వారాల్లో చేపని వదలకపోవడమే న్యాయం. బోరు నీళ్లున్న ఊళ్లలో ఇంకో సంగతి గట్టిగా పట్టించుకోవాలి. నీటి పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు పాలు దాదాపు పది రెట్లవుతుంది. వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. అందుకే మే నెలలో మన చేపలకి తిండి తగ్గించాలి, నీటి పైభాగం కదిలేలా ఫిల్టరు మూతి తిప్పాలి, మూత తీసి ఫ్యాను గాలి తగలనివ్వాలి.

మామిడి ఊళ్లో మరో గండం పూత సీజను. తేనెమంచు పురుగు మీద కొట్టే మందుల్లో పైరెత్రాయిడ్లు ఉంటాయి. మనిషికి అంతగా తగలని మోతాదు చేపకీ రొయ్యకీ ప్రాణాంతకం. పక్క తోటలో స్ప్రేయరు చప్పుడు వినగానే కిటికీలు మూసి, తొట్టిమీద తడిగుడ్డ కప్పి, గాలిపంపు ఆపాలి. ఆ పంపు గదిలో గాలినే నీళ్లలోకి తోస్తుంది కదా. మందు కొట్టి వచ్చిన చేతుల్ని ఎంత కడిగినా ఆ రోజు తొట్టిలో పెట్టకూడదు.

ఇంత శ్రమపడి కట్టిన నీటి తోటని కూడా కొన్నేళ్లు గడిచాక విప్పి మళ్లీ కట్టాలి. మొక్కలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి, వాలిస్నేరియా పిలకలు మట్టంతా అల్లుకుంటాయి, మట్టిలో సారం తగ్గుతుంది, కర్ర మెత్తబడుతుంది. కాయ దిగాక మామిడికి కొమ్మలు కత్తిరించి వెలుతురు పోనిచ్చినట్టే ఇది. కాలం కూడా అదే అనుకూలం. వానలు పడి నీళ్లు చల్లబడ్డాక, జులై ఆగస్టుల్లో మొదలుపెడితే చేపకీ మొక్కకీ తేలిక.

ఈ తిరగగట్టడంలో అసలు నేర్పు ఏది మార్చాలో కంటే ఏది మార్చకూడదో తెలియడంలో ఉంది. చాలామంది పాత నీళ్లని అమృతంలా దాచి, ఫిల్టరు స్పాంజిని మాత్రం కుళాయి కింద పిండి కడుగుతారు. జరగాల్సింది దానికి విరుద్ధం. బాక్టీరియా నీళ్లలో ఉండేది చాలా తక్కువ. అవి స్పాంజికి, ఇసుకకి, రాళ్లకి అంటుకుని బతుకుతాయి. పాత నీళ్లు సగం ఉంచుకునేది చేపలకి వేడీ కాఠిన్యమూ ఒక్కసారిగా మారకుండా ఉండటానికి. ముందు చేపల్ని పాత నీళ్లతో నింపిన టబ్బులోకి మార్చి, గాలిరాయి వేసి, మూత పెట్టాలి. బెదిరిన చేప ఎగిరి బయట పడుతుంది. ఫిల్టరుని కూడా అదే నీళ్లలో తిరగనివ్వాలి. కరెంటు పోయి కొన్ని గంటలు ఆగిపోయిందంటే లోపల ఆక్సిజన్ అందక బాక్టీరియా చస్తుంది. మొక్కల్ని వేరు పక్క ఇసుక వదులు చేస్తూ తీయాలి. గుంజితే అడుగు మట్టి లేస్తుంది, దానితోపాటు అక్కడ నిల్వ ఉన్న అమ్మోనియా కూడా. కాడమొక్కల పాత మొదళ్లు పారేసి చిగుళ్లే నాటుకోవాలి. నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే మట్టిని తీసేయాలి, బాగున్న దాన్ని కదపకుండా పైన కొత్తది చేర్చాలి.

పని ముగిశాక నీళ్లు తేటగా కనిపించినా దాన్ని కొత్త తొట్టిగానే లెక్కించాలి. రెండు వారాలు దీపం రోజుకి ఆరు గంటలకి మించకుండా, నీళ్లు మూడోవంతు చొప్పున రెండు మూడు రోజులకోసారి మారుస్తూ ఉండాలి. పరీక్షలో అమ్మోనియా సున్నా చూపాకే టబ్బులో చేప తొట్టిలోకి రావాలి. చేపల్ని అన్నాళ్లు టబ్బులో ఉంచే వీల్లేనివాళ్లు ఒక్కసారి అంతా విప్పొద్దు. ఈ నెల ఒక మూల, వచ్చే నెల ఇంకో మూల మార్చుకోవడం మేలైన దారి. నన్నడిగితే పల్లె ఇళ్లకి ఎప్పుడూ అదే మంచిది.

దీని విలువ అందంతో తేలిపోయేది కాదు. మేత ఎక్కువైతే తొట్టిలో నాచు ముసురుకోవడం చూసిన పిల్లవాడికి కొల్లేటి కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేపల చెరువుల నుంచి, పొలాల నుంచి వచ్చే ఎరువంతా సరస్సులో చేరితే అక్కడ గుర్రపుడెక్క ఎందుకు కమ్ముకుంటుందో అతనికి తెలిసిపోతుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు ఎందుకు తెంచారో, అప్పటి గొడవ ఏమిటో కూడా ఆసక్తిగా వింటాడు. వడ్లగింజంత గాలి బుడగ ఆకు అంచున నిలిచి, ఇంకొకటి తోడై, పైకి లేవడం చూశాక మొక్క ఊపిరి వదులుతుందన్న పాఠం పరీక్షల కోసం బట్టీ పట్టక్కర్లేదు.

ఇక తీసేసిన సరుకు. మొక్కలు, నత్తలు, చేపలు ఏవీ కాలువలో కలపకూడదు. గుర్రపుడెక్క మనకి దక్షిణ అమెరికా నుంచి వచ్చి చేరింది. మన వైపు నాచుమొక్క హైడ్రిల్లా 1950ల్లో అక్వేరియం వ్యాపారం చేత శ్రీలంక నుంచి ఫ్లోరిడా చేరి అక్కడి కాలువల్ని పూడ్చింది. తొట్టి గాజు నాకుతుందని దుకాణంలో కొన్న సక్కర్ చేప పెద్దదై, ఎవరో వదిలేస్తే, ఇప్పుడు డెవిల్ ఫిష్ పేరుతో మన చెరువుల్లో రైతు వలలు చింపుతోంది. కాబట్టి పీకిన మొక్కల్ని ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి ఎరువుగుంటలో వేయాలి. పెంచలేని చేపని దుకాణానికో, పెంచగలిగిన మరొకరికో ఇవ్వాలి. పాత మట్టి, తీసిన నీళ్లు కొబ్బరి మొదట్లోనో కొత్తగా నాటిన మామిడి అంటు పాదులోనో పోయొచ్చు. ఆ నీళ్లలో మొక్కకి ఆహారమైన నైట్రేటు ఉంటుంది.