ఎల్‌సీ ఎవరి పేరు మీద?

ఆ కాగితం మీద ఉన్నది నా సంతకమే. "అసిస్టెంట్ ఇంజనీరు మరియు 22 మంది సిబ్బంది, ఒక లారీ, ఒక బొలెరో. తుపాను పనుల నిమిత్తం విశాఖపట్నం వెళ్తున్నారు. అనుమతించగలరు." చేత్తో రాసి, కింద గుండ్రటి సీలు కొట్టాను. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మర్నాడు సాయంత్రానికల్లా గోదావరి జిల్లాల నుంచి మేము బయల్దేరాం. తాళ్లు, గడ్డపారలు, చెయిన్‌పుల్లీలు, రంపాలు, వారానికి సరిపడా బియ్యం, అన్నీ సరిచూసుకుని మరీ ఎక్కించాం. ఆ 22 మంది పేర్లు రాయాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

అర్ధరాత్రి దాటాక హైవే మీద ఒక చెక్‌పోస్టులో ఆపారు. ఒకే కానిస్టేబులు ఉన్నాడు. రెండు రోజులుగా నిద్ర లేదని మొహమే చెబుతోంది. టార్చి వేసి కాగితం చదివాడు, లారీ ఎక్కి తలలు లెక్కపెట్టాడు. "కాగితంలో మీతో కలిపి ఇరవై మూడు సార్. ఇక్కడ ఇరవై నాలుగు ఉన్నారు. పేర్లు లేవేంటి?" అన్నాడు. ఐడీ కార్డులు చూపించమన్నాడు. రెగ్యులర్ సిబ్బంది ఏడుగురి దగ్గర ఉన్నాయి. మిగతావాళ్లు పోల్ గ్యాంగ్, కాంట్రాక్టరు కింద రోజు కూలీకి పనిచేసేవాళ్లు. గుంత తవ్వేదీ, పోలు భుజానికెత్తుకునేదీ, నిలబెట్టేదీ వాళ్లే. వాళ్ల జేబుల్లో బీడీకట్ట తప్ప ఏ కార్డూ లేదు.

నాకు కోపం వచ్చింది. ఊరంతా చీకట్లో ఉంటే, వెలుగు ఇవ్వడానికి వచ్చినవాళ్లనే ఆపుతావా అని గొంతు పెంచాను. అతను గొంతు పెంచలేదు. రోడ్డు పక్కన నిలిపి ఉన్న వ్యాను వైపు టార్చి తిప్పాడు. లోపల కోసి చుట్టలు చుట్టిన అల్యూమినియం కండక్టరు. తెగిపడ్డ లైన్ల నుంచి కోసిందే. "వీళ్లూ లైన్‌వాళ్లమనే చెప్పారు సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పైఅధికారి వచ్చి వదిలేసరికి తెల్లారింది. ఆ రాత్రి మూడున్నర గంటలు పోవడానికి కారణం నేను రాసిన "మరియు 22 మంది" అన్న ముక్కే.

విపత్తు ప్రాంతంలోకి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో నియంత్రించే అధికారం 2005 విపత్తు నిర్వహణ చట్టం 34వ సెక్షన్ కింద జిల్లా యంత్రాంగానికి ఉంది. అది ఉండాలి కూడా. ఊరు ఖాళీ అయినప్పుడు, తలుపులు విరిగి గోడలు కూలినప్పుడు అడ్డుకునేవాడు లేకపోతే మిగిలిన ఆ కాస్త సామానూ దక్కదు. కాబట్టి గేటు తీసెయ్యమని నేననను. గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు అర నిమిషంలో తేల్చుకోగలిగే కాగితం మన చేతిలో ఉండాలంటాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కరెంటు సిబ్బందిని అత్యవసర సేవల కింద మినహాయించారు. ఆ ఉత్తర్వు ఉన్నంత మాత్రాన చౌరస్తాలో ఆపిన ప్రతిసారీ పని సులువు కాలేదు. మినహాయింపు ఫలానా సేవకని ఉత్తర్వులో రాసి ఉంటుంది. చౌరస్తాలో మాత్రం బండి మీద వచ్చిన ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ సేవకూ ఈ మనిషికీ ముడి వేసేది ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

అమెరికాలో లూసియానా రాష్ట్రం తుపానులకు అలవాటుపడ్డ నేల. 2005లో కత్రినా దెబ్బ తిన్నాక న్యూఆర్లీన్స్ చుట్టుపక్కల జిల్లాలు తిరిగి లోపలికి రానిచ్చే మనుషుల్ని అంచెలుగా విడగొట్టుకున్నాయి. కరెంటు, నీళ్లలాంటి సేవలవాళ్లు ముందు, వ్యాపారాలవాళ్లు తర్వాత, ఇళ్లవాళ్లు ఆ తర్వాత. బండి అద్దానికి పెట్టుకునే ప్లకార్డులు ముందుగానే ఇచ్చి ఉంచుతారు. గాలి మొదలయ్యాక కాదు, ఎండ కాస్తున్నప్పుడు. నాకు నచ్చింది అదే.

అయితే గేటు దాటితే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. అసలు గుర్తింపు అవసరమయ్యేది ఆ తర్వాతే. ఇది నేను విశాఖ వెళ్లిన రెండో రోజు నేర్చుకున్నాను.

మా పనిలో ఎల్‌సీ అని ఒక మాట ఉంది. లైన్ క్లియర్. ఫీడరు మీద చెయ్యి వేసే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటరుకు చెప్పాలి. అతను బ్రేకరు తీసి, ఐసొలేటరు తెరిచి, బోర్డు తగిలించి, పుస్తకంలో టైమూ నంబరూ, తీసుకున్నవాడి పేరూ రాస్తాడు. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్నవాడే దాన్ని రిటర్న్ చెయ్యాలి. తమ్ముడు తీసుకుంటే అన్న రిటర్న్ చేస్తానన్నా కుదరదు. అది చాదస్తం కాదు. అవతల పోలు మీద ఉన్న మనిషి ప్రాణం ఆ పుస్తకంలో ఉన్న పేరుకి వేలాడుతూ ఉంటుంది. మామూలు రోజుల్లో ఇదంతా ఫోనులో జరిగిపోతుంది. ఆపరేటరుకు తన లైన్‌మన్ల గొంతులు తెలుసు. "నేనే" అన్నా చాలు, ఎవరో పట్టేస్తాడు.

హుద్‌హుద్‌లో సెల్ టవర్లు పడుకున్నాయి. మా లైన్ ఇన్‌స్పెక్టరు బండి వేసుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్లి 11 కేవీ ఫీడరుకు ఎల్‌సీ అడిగాడు. ఆపరేటరు ఇవ్వనన్నాడు. "మీరెవరో నాకు తెలీదన్నా. మీకు ఇస్తే రేపు రిటర్న్ ఎవరు చేస్తారు? మీ ఊరు వెళ్లిపోయాక నేనెవర్ని వెతకను?" అన్నాడట. మావాడు చిన్నబుచ్చుకుని తిరిగొచ్చి నాకు చెప్పాడు. ఈసారి నాకు కోపం రాలేదు. ఆ ఆపరేటరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. నేనే వెళ్లి ఆ సెక్షన్ లైన్‌మన్‌ని వెతికి పట్టుకున్నాను. అతని సొంత ఇంటి పైకప్పు ఎగిరిపోయింది, భార్యాపిల్లల్ని బంధువులింట్లో దింపి డ్యూటీకి వచ్చాడు. ఎల్‌సీ అతని పేరు మీద తీసుకున్నాం. అప్పటి నుంచి మా గ్యాంగ్ ఎక్కడుంటే అతనక్కడ. ఏ ఏబీ స్విచ్ ఏ వీధిని కట్ చేస్తుందో, ఏ అపార్ట్‌మెంటులో జనరేటరు నుంచి రిటర్న్ సప్లై వచ్చే ప్రమాదముందో అతనికి తెలుసు. రెండు పక్కలా ఎర్తింగ్ వేయించకుండా ఎవర్నీ పైకి ఎక్కనిచ్చేవాడు కాదు.

గేటు దగ్గర అడిగేది "నువ్వు లోపలికి రావచ్చా" అని. సబ్‌స్టేషన్‌లో అడిగేది "నీకు పూచీ ఎవరు" అని. మన కార్డులు మొదటిదానికి ఎలాగోలా జవాబు చెబుతాయి, రెండోదానికి చెప్పవు. నిజానికి లైన్ల మీద పనిచేసే మనిషిని పేరుతో నియమించాలనీ, ఆ పేరూ ఏ పనికోసమన్నదీ రికార్డులో ఉండాలనీ 2010 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే చెప్పారు. నియమం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. పక్క జిల్లాకు లారీ బయల్దేరేటప్పుడు అది ఇంట్లోనే ఉండిపోతోంది.

కార్డు ఎలా ఉండాలో నాకు ఒక లెక్క ఉంది. ఫొటో, పేరు, ఏ పని చేస్తాడు, ఎంత కేవీ దాకా చెయ్యి వేయవచ్చు, గ్యాంగ్ లీడరెవరు, రక్తం గ్రూపు. వెనకవైపు ఖాళీ గడి. అక్కడికి చేరాక జతపడ్డ స్థానిక లైన్‌మన్ పేరు పెన్నుతో రాసుకోవడానికి. అక్షరాలు టార్చి వెలుగులో చదివేంత పెద్దవిగా ఉండాలి. ఫోనులో స్కాన్ చేసే చుక్కల గడి ఒక్కటే పెడితే చాలదు, తుపాను రోజున నెట్‌వర్క్ ఉండదు. సరిహద్దు దాటేవాళ్లకి అవతలి లిపి కూడా కావాలి. 2019 మేలో ఫణి తుపాను పూరీని కొట్టాక మన లైన్‌మన్లు ఒడిశా వెళ్లారు. ఇచ్ఛాపురం దాటాక తెలుగులో ఉన్న కార్డుని అక్కడి హోంగార్డు ఎలా చదువుతాడు? అన్నిటికన్నా ముఖ్యం, పోల్ గ్యాంగ్‌కీ అదే కార్డు. రెగ్యులరువాళ్లకి ఒక రంగు, కూలీలకి ఒక రంగు వద్దు. బుడమేరు వరదలో 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో సిబ్బంది పడవల మీద వెళ్లి పనిచేశారు. పడవలో ఉన్న కాస్త చోటులో ఎవర్ని ఎక్కించుకోవాలో క్షణంలో తేల్చాల్సి వచ్చినప్పుడు, కార్డు లేనివాడు గట్టు మీదే ఉండిపోతాడు. అతను లేకపోతే పోలు లేవదు.

ఇళ్లవాళ్ల సంగతీ ఉంది. నాలుగో రాత్రి ఒక సందులో సర్వీసు వైరు కలపడానికి ఒక ఇంటి డాబా ఎక్కాల్సి వచ్చింది. లోపల ముసలావిడ ఒక్కతే ఉంది. తలుపు తియ్యకుండా కిటికీ సందులోంచి "ఎవర్నాయనా మీరు?" అని అడిగింది. హెల్మెట్లు పెట్టుకుని, బురదకొట్టుకుపోయి, మాటలో గోదావరి యాసతో ఉన్నాం. స్థానిక లైన్‌మన్ ముందుకొచ్చి "నేనమ్మా, బిల్లు కాగితం తప్పొస్తే మార్పించి పెట్టానే, ఆణ్ని" అన్నాడు. గడియ తీసింది.

ఆ రాత్రే బొలెరో లైటు వెలుగులో కూర్చుని, అనుమతి కాగితం వెనక పేర్లు రాశాను. ఒక్కొక్కరినే పిలిచి ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు, ఇంట్లో ఫోను నంబరు అడిగాను. ఏళ్ల తరబడి నాతో పనిచేసిన కొందరి ఇంటిపేర్లు నాకు అప్పుడే తెలిశాయి. లెక్కకు మించిన ఇరవై నాలుగో మనిషి చివర్లో వచ్చాడు. లారీ వెనక పొయ్యి పెట్టి మాకు పొద్దునా రాత్రీ వండిపెట్టేవాడు. హోదా దగ్గర ఏం రాయాలో తోచక పెన్ను ఆపాను. "వంట అని రాసెయ్యండి సార్" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. అలాగే రాశాను. కిందకు చూసి, పేరు సరిగ్గా రాశానో లేదో చదివి వినిపించమన్నాడు.