తిరిగి మైదానానికి: ఒక ఆత్మకథలోని సత్యం

క్రీడాకారుల ఆత్మకథలకు మన సాహిత్య గోష్ఠులలో పీట వేసిన సందర్భాలు అరుదు. వాటిలో అధికభాగం పరుగుల పట్టికలకు వ్రాసిన వ్యాఖ్యానాలే. మైదానంలో లక్షలాది మంది చూసినదానినే మరల చెప్పడం వాటి స్వభావం కనుక, కొత్తగా తెలియవలసినది పాఠకునికి అంతగా మిగలదు. 2013లో రాండమ్ హౌస్ ఇండియా ప్రచురించిన యువరాజ్ సింగ్ ఆంగ్ల గ్రంథం 'ది టెస్ట్ ఆఫ్ మై లైఫ్' ఈ కోవకు పూర్తిగా చెందదు. శారదా ఉగ్ర, నిశాంత్ జీత్ అరోరాల సహకారంతో వెలువడిన ఈ గ్రంథానికి కేంద్రం ప్రేక్షకులెవరూ చూడని కాలం. ఒక ప్రపంచ కప్పు విజయానికీ ఒక ఆసుపత్రి గదికీ నడుమ గడచిన నెలలే దీని అసలు కథావస్తువు.

బహిరంగ చరిత్ర అందరికీ తెలిసినదే. 2011 ప్రపంచ కప్పులో యువరాజ్ 362 పరుగులు చేసి, 15 వికెట్లు తీసి, ఆ పోటీలకే ఉత్తమ ఆటగానిగా ఎంపికయ్యారు. మార్చి 20న చెన్నైలో వెస్టిండీస్ జట్టుపై 113 పరుగులు చేసిన నాడు ఆయన మైదానంలోనే వాంతి చేసుకున్నారు. చూసినవారు దానిని ఎండ బాధ అనుకున్నారు; ఆయనా అట్లే అనుకున్నారు. నాటి వార్తాపత్రికలలో అది ఒక వీరుని సహనానికి నిదర్శనం. రెండేళ్ల తరువాతి ఆత్మకథలో అదే సంఘటన వ్యాధి లక్షణం. ఒకే సంఘటన రెండు కాలాలలో రెండు అర్థాలను ధరించడం చరిత్ర రచనలో పరిచితమైన విషయమే. ఆ మార్పును స్వయంగా అనుభవించిన మనిషి దానిని నమోదు చేయడం ఈ గ్రంథానికి విలువను తెచ్చినది.

గ్రంథంలోని బాల్య ఘట్టాలను పైపైన చదివి వదలరాదు. తండ్రి యోగ్‌రాజ్ సింగ్ భారతదేశం తరఫున ఒకే ఒక టెస్ట్ ఆడిన వేగపు బౌలర్. తనకు దక్కనిది కుమారునికి దక్కవలెనన్న పట్టుదల ఆయనది. స్కేటింగ్‌లో బాలుడు గెలిచి తెచ్చిన పతకాన్ని విసిరివేసి క్రికెట్ వైపు మళ్లించిన ఉదంతం ప్రసిద్ధం. నొప్పిని పైకి చెప్పకూడదన్న శిక్షణ ఆ ఇంటనే మొదలయినది. ఆ శిక్షణ ఆటగానిని తీర్చిదిద్దినది. రోగిని మాత్రం ప్రమాదంలోకి నెట్టినది. గ్రంథకర్త ఈ రెండింటినీ కలిపి స్పష్టంగా చెప్పలేదు గాని, శ్రద్ధగా చదివేవారికి ఆ ముడి కనబడకపోదు.

జాప్యాన్ని గూర్చిన ప్రకరణాలే గ్రంథంలో అత్యుత్తమమైనవి. ప్రపంచ కప్పు తరువాత కూడా యువరాజ్ ఆడుతూనే ఉన్నారు. 2011 వేసవిలో ఇంగ్లండు వెళ్లారు; నవంబరులో వెస్టిండీస్ జట్టుతో టెస్టులు ఆడారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన టెస్ట్ స్థానం చేతికందుతున్న తరుణంలో ఛాతీలో కణితి బయటపడినది. వైద్యుని హెచ్చరిక ఒక చెవిన, జట్టు పిలుపు మరొక చెవిన వినబడుతూ ఉండగా ఆయన చాలకాలం రెండవదానినే విన్నారు. ఈ భాగంలో ఆయన తనను తాను సమర్థించుకోలేదు. భయాన్ని ధైర్యంగా చలామణి చేసుకున్న మనిషి తన మాటలలోనే దొరికిపోవడం ఆత్మకథా సాహిత్యంలో తరచు ఎదురుపడే దృశ్యం కాదు.

2012 జనవరి చివర ఆయన అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరానికి వెళ్లారు. రెండు ఊపిరితిత్తుల నడుమ ఏర్పడిన సెమినోమా అనే కణితికి మూడు విడతల కీమోథెరపీ జరిగినది. పర్యవేక్షించిన వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ సామాన్యుడు కాదు. 1974లో ఇదే జాతికి చెందిన వృషణ కాన్సర్‌కు సిస్‌ప్లాటిన్‌తో కూడిన మందుల కలయికను ప్రయోగించి, మృత్యువుగా భావించబడిన వ్యాధిని అధికశాతం నయమయ్యే వ్యాధిగా మార్చినది ఆయనే. రోగి పడక పక్కన తల్లి షబ్నం ఉన్నారు. రాలిన జుట్టు, నోటికి రుచించని అన్నం, నిద్రపట్టని రాత్రి మొదలైనవి ఈ పుటలలో ఆడంబరం లేకుండా వచ్చాయి. లక్షల మంది కేరింతలకు అలవాటుపడిన మనిషికి ఒక్క తల్లి అడుగుల చప్పుడే లోకమైన స్థితి ఇక్కడ పాఠకుని హృదయాన్ని తాకుతుంది.

అయితే గ్రంథంలోని ప్రధాన లోపం కూడా ఇక్కడే మొదలవుతుంది. వ్యాధిని ప్రత్యర్థి జట్టుగా, కోలుకొనడాన్ని గెలుపుగా చెప్పే పరిభాష ఆటగానికి సహజమే కావచ్చు. కాని గెలుపు సంకల్పబలం వల్ల లభించినదయితే, మరణించిన రోగులకు సంకల్పం కొరవడినదని అనవలసి వస్తుంది. యువరాజ్ కోలుకొనడానికి ఆయన మనోబలం తోడ్పడి ఉండవచ్చు. మందులకు లొంగే జాతి కణితి కావడం, నాలుగు దశాబ్దాల వైద్య పరిశోధన, ఖర్చు భరించగల స్థోమత అంతకంటె ముఖ్యమైన కారణాలు. పైగా సముద్రాలు దాటిన ప్రయాణమే కథకు వెన్నెముక కావడంతో, స్వస్థత విదేశంలోనే లభిస్తుందన్న భావం సామాన్య పాఠకునిలో నాటుకొనవచ్చు. సిస్‌ప్లాటిన్ మన దేశపు ఆసుపత్రులలోనూ దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఔషధమే. ఈ సంగతికి గ్రంథంలో తగిన స్థానం లభించి ఉంటే ఎందరో రోగులకు ఊరట కలిగేది.

ఈ సందర్భంలో మరొక ఆత్మకథను తలచుకొనక తప్పదు. అమెరికన్ సైకిల్ పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో కాన్సర్ బారినపడి, ఇండియానాపోలిస్‌లోనే చికిత్స పొందారు. ఊపిరితిత్తులకు హాని చేయగల బ్లియోమైసిన్ అనే మందును తప్పించి వేరొక కలయికను ఎంచుకున్నారు. 2000లో వెలువడిన ఆయన స్వీయకథ ప్రపంచమంతటా రోగుల చేతికి చేరినది. యువరాజ్ కూడా దానిని చదివినవారే. కాని ఉత్ప్రేరకాల వాడకం రుజువై 2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ డి ఫ్రాన్స్ బిరుదులన్నీ రద్దయినవి. 2013 జనవరిలో ఆయన స్వయంగా తప్పు ఒప్పుకున్నారు. ఆ వెంటనే, అదే సంవత్సరంలో యువరాజ్ గ్రంథం వెలువడినది. ఆర్మ్‌స్ట్రాంగ్ వ్యాధి సత్యం, విజయాలు అసత్యం. మానవాతీతమైన పునరాగమనాన్ని కోరుకొనే పాఠకుల ఆకలి ఆ అసత్యానికి ఎంతో కొంత అండగా నిలిచినదన్న సంగతి విస్మరించరాదు.

యువరాజ్ పునరాగమనం ఈ గీటురాయి మీద నిలుస్తుంది. దానికి కారణం అందులోని అసంపూర్ణతే. 2012 సెప్టెంబరు 8న విశాఖపట్నంలో న్యూజిలాండ్‌పై ఆయన తిరిగి ఆడవలసి ఉండగా, వాన వల్ల ఒక్క బంతి కూడా పడకుండానే ఆట రద్దయినది. మూడు రోజుల తరువాత చెన్నైలో, ఏడాదిన్నర క్రితం వాంతి చేసుకున్న ఆ మైదానంలోనే, 34 పరుగులు చేశారు. భారత్ ఒక్క పరుగు తేడాతో ఓడినది. ఆ డిసెంబరు తరువాత ఆయనకు మరల టెస్ట్ ఆడే అవకాశం రాలేదు. 2014 ఏప్రిల్‌లో ఢాకాలో జరిగిన టి20 ప్రపంచ కప్పు తుదిపోరులో 21 బంతులలో 11 పరుగులే చేసినందుకు చండీగఢ్‌లోని ఆయన ఇంటిపై రాళ్లు పడ్డాయి. రోగిగా ఉన్ననాడు ప్రార్థించిన జనమే ఆటగానిగా తడబడిననాడు రాయి విసిరినది. 2017 జనవరిలో కటక్‌లో ఇంగ్లండుపై 150 పరుగులు చేశారు. ఒకరోజు పోటీలలో ఆయన అత్యధిక స్కోరు అదే. 2019 జూన్ 10న విరమణ ప్రకటించారు.

2013లోనే ముగిసిన గ్రంథంలో ఈ ఉత్తరభాగం లేదు. అది రచయిత దోషం కాదు. ప్రచురణ తొందర వల్ల ఏర్పడిన లోటు. తిరిగి రావడం ఒక రోజు జరిగే ఉత్సవం కాదని, ఏళ్ల తరబడి అలసటతోను సందేహంతోను సాగే పని అని ఆ తరువాతి ఆరేళ్లు నిరూపించాయి. ఈ అనుభవంతో మలి కూర్పు వెలువడితే మొదటిదానికంటె గాఢమైన రచన కాగలదు.

ఇన్ని లోపాలున్నా ఈ గ్రంథం భారతీయ ప్రజాజీవితానికి ఒక మేలు చేసినది. కాన్సర్ అన్న మాటను ఇంటి గడప దాటనీయని సమాజంలో, దేశమంతా ఎరిగిన యువకుడు బోడితలతో కెమెరా ముందు నిలిచి తన జబ్బు పేరు తానే చెప్పారు. వ్యాధి ముదిరిన తరువాతనే ఆసుపత్రికి చేరే రోగుల సంఖ్య నేటికీ అధికంగా ఉన్న దేశంలో ఆ ఒక్క మాటకు విలువ కట్టలేము. అయితే దగ్గును ఎండ మీదికి నెట్టి తాను పోగొట్టుకున్న నెలలను గూర్చి ఆయన వ్రాసిన పుటలు అంతకంటె ఉపయోగకరమైనవి. సిక్సర్ల కోసం ఈ పుస్తకం తెరిచిన పాఠకుడు ఆ పుటల వద్ద ఆగి, తన ఇంటిలో ఎవరి దగ్గు ఎన్నాళ్లుగా వినబడుతున్నదో ఒక్కసారి తలచుకుంటే, రచయిత శ్రమ ఫలించినట్లే.