కోనసముద్రం ఉక్కుకు డమాస్కస్ పేరు

నీటి అలల్లాంటి చారలున్న పాత కత్తిని చూసి "ఆహా, డమాస్కస్!" అని మురిసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కత్తిని సాగగొట్టింది డమాస్కస్ నగరంవాళ్లే కావచ్చు. ఆ ఉక్కు పుట్టింది మాత్రం దక్కన్ మూసల్లో. అలాంటి మూసలకు పేరుపడ్డ ఊరు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రం.

ఉక్కు చేయడం అక్కడ ఎప్పుడు మొదలైందో పెద్దలు ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, ఆ లెక్కలు వదిలేద్దాం. పని చూడండి. 1820ల తొలినాళ్లలో ఈ కొలుములను చూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాతల ప్రకారం, మిర్ట్‌పల్లి అని ఆయన రాసుకున్న ఊరి ఇనుము 3 పాళ్లు, కొండాపూర్ ఇనుము 2 పాళ్లు కలిపేవారు. ఒకటి నల్ల ఇసుక నుంచి తీసింది, రెండోది ఎర్రరాయి నుంచి. ఈ పాళ్లు ఏ ప్రయోగశాల చెప్పింది వాళ్లకి?

మూస తయారీ ఇంకో విద్య. మట్టిలో వరి ఊక దండిగా కలిపి పిసుకుతారు. ఊక కాలిపోయినా దాని బూడిదలోని సిలికా మట్టిని పట్టి ఉంచుతుంది, ఉక్కు కరిగే వేడికి కూడా మూస కూలదు. అందులో ఇనుము వేసి, మూతి మట్టితో మూసి, రోజంతా తిత్తులు ఊదుతారు. కరిగిన ముద్దలో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అంత కర్బనమున్న ఉక్కు గాజులా పెళుసు. అందుకే దిమ్మకు మళ్లీ మట్టి పూసి, గంటల తరబడి సన్నవేడిలో ఉంచి చల్లార్చడం, మూడు నాలుగు మార్లు. అసలు పనితనం ఇక్కడే! తొందరపడితే అంతా వృథా.

ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్ స్వయంగా కొలిమి దగ్గర కూర్చుని సరుకు చూసుకునేవాడట. పర్షియాలో ఈ ఉక్కును చేయబోయి ఓడిపోయారని వాయిసీతో చెప్పిందీ ఆయనే. లండన్‌లో కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే, కత్తుల పనివాడు స్టోడార్ట్‌తో కలిసి 1820 ప్రాంతంలో దీని గుట్టు కోసం తంటాలు పడ్డాడు. అమెరికాలో వెర్‌హోవెన్ అనే ఆచార్యుడు, పెండ్రే అనే కమ్మరి 1990ల్లో ఆ చారలను మళ్లీ రప్పించి, లేశమాత్రం వనేడియమే కీలకమన్నారు. మనవాళ్లకు ఆ పేరు తెలియదు. ఏ ఖనిజం పనికొస్తుందో తెలుసు.

1856 తర్వాత బెస్సెమర్ చవక ఉక్కు ముంచెత్తింది. అడవిలో బొగ్గు కాల్చుకోవడం కష్టమైంది. కొలుములు ఆరాయి. ఇవాళ ఈ ప్రాంతాల నుంచి సూరత్ మరమగ్గాలకు వలసపోయిన పిల్లలకు తమ జిల్లా సరుకు ఒకప్పుడు పర్షియాకు వెళ్లేదని ఎవరు చెప్పారు?

ఇక ఇవాళ డమాస్కస్ పేరుతో రెండు రకాల ఉక్కు అతికి, మడిచి కొట్టి, ఆసిడ్‌తో చారలు తేల్చేవాళ్లున్నారు. అదీ శ్రమే, కాదనను. స్టెయిన్‌లెస్ రేకు మీద లేజర్‌తో గీతలు గీసి "డమాస్కస్" అని అమ్మేవాళ్లను ఏమనాలి? దొంగ సరుకు!

2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత కొలుముల చిట్టెం కుప్పలను నమోదు చేశాయి. వాటిని చదును చేసి పొలాల్లో కలిపేయకముందే కంచె వేయండి. కోనసముద్రంలో ఒక్క గది కట్టి మూసలు, చిట్టెం పెట్టండి. బోర్డు మీద ముందు ఊరి పేరు రాయండి. డమాస్కస్ పేరు రాయక తప్పకపోతే అడుగున, చిన్న అక్షరాల్లో.